అపార్ట్‌మెంట్‌కు పార్కింగ్ తప్పనిసరి.. మరి బస్సు సంగతేంటి? హైదరాబాద్ శివార్లలో కారు లేకుండా రోజు ఎందుకు గడవదు?

హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ కొన్న కుటుంబానికి ఇంటి ఈఎంఐతో ఖర్చు ఆగదు. చాలామందికి ఏడాది తిరిగేలోపే కారు ఈఎంఐ కూడా మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే రెండో బండి తప్పదు. పిల్లల స్కూలుకు, అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, కరివేపాకు కట్ట తేవడానికి కూడా బండి తాళం చేతిలోకి తీసుకోవాల్సిందే.

ట్రాఫిక్ జామ్ అనగానే 'జనం కార్లు ఎక్కువ కొంటున్నారు' అనే మాట వినిపిస్తుంది. కానీ కారు లేకపోతే గడవని చోట ఇళ్లు కట్టడానికి అనుమతులు ఇచ్చిందెవరు? ఆ అనుమతి ఇచ్చేటప్పుడు ఏం చూస్తారు, ఏం చూడరు? నగరం ఇలా పెరగడం వెనక ఉన్న నిబంధనలేంటి? ఇల్లు కొనేవాళ్లు, ఇప్పటికే కొన్నవాళ్లు ఏం చేయొచ్చు?

శివారు ఇంత దూరం ఎలా పాకింది?

2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది, 2008లో, హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. దాని పరిధి 7 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అదే ఏడాది ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం మొదలైంది. తర్వాత దశలవారీగా నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఎనిమిది వరుసల రోడ్డు పూర్తయింది.

నగరం లోపలికి రానవసరం లేని వాహనాలను బయటి నుంచే పంపించడం ఔటర్ ఉద్దేశాల్లో ఒకటి. ఆచరణలో అది భూముల ధరలకు దారి చూపింది. ఏ ఎగ్జిట్‌కు ఎన్ని నిమిషాల దూరం అన్నదే ప్లాట్ల ప్రకటనల్లో మొదటి వాక్యమైంది. ఆ నిమిషాలు కారులో వెళ్లేవాళ్ల లెక్క. ఔటర్ ప్రధాన మార్గంలో టూవీలర్లకు, ఆటోలకు అనుమతి లేదు.

మరోవైపు అనుమతి లేని లేఅవుట్లు వెలిశాయి. 2020లో ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటిస్తే రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ముందు ప్లాట్లు అమ్మేయడం, తర్వాత రోడ్డు, ఆ తర్వాత నీళ్లు, డ్రైనేజీ.. బస్సు ఎప్పుడో చివర్లో. ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. జనం పలుచగా ఉంటే బస్సుకు తగినంత మంది ఎక్కరు. బస్సు రాకపోతే జనం బండ్లు కొంటారు. బండ్లు కొన్నాక బస్సు కావాలని అడిగేవాళ్లూ తగ్గిపోతారు.

ఆకాశహర్మ్యాలు కడుతున్నారు కదా, అక్కడైనా సమస్య తీరాలి కదా?

నగరం అడ్డంగా కాకుండా నిలువుగా పెరిగితే ప్రయాణ దూరాలు తగ్గుతాయని పట్టణ ప్రణాళికలో సాధారణంగా చెప్పే మాట. హైదరాబాద్ పశ్చిమ శివార్లలో 40, 50 అంతస్తుల టవర్లు వస్తున్నాయి. అయినా రోడ్లపై రద్దీ తగ్గలేదు. ఎందుకు?

స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే నిర్మాణం ఉండాలన్న పరిమితి చాలా నగరాల్లో ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లో 2006 నిబంధనలతో ఆ పరిమితి పోయింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతిని కొనసాగించింది. దీని ప్రకారం భవనం ఎత్తు ప్రధానంగా స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలంపై ఆధారపడుతుంది. రోడ్డు ఎంత వెడల్పుంటే భవనం అంత ఎత్తుకు వెళ్లొచ్చు.

ఆ రోడ్డు మీద బస్సు తిరుగుతుందా అన్నది మాత్రం షరతు కాదు. మెట్రో లేదా ఎంఎంటీఎస్ స్టేషన్ ఎంత దూరంలో ఉందన్నదీ షరతు కాదు. 20 వేల చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి తీసుకునేటప్పుడు ట్రాఫిక్ ప్రభావం ప్రస్తావన వస్తుంది. కానీ అక్కడ కూడా చర్చ ఎక్కువగా వాహనాలు ఎలా లోపలికొస్తాయి, ఎలా బయటికెళ్తాయి అన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

పైగా ఈ టవర్లు చాలావరకు గేటెడ్ కమ్యూనిటీలు. చుట్టూ ప్రహరీ, ఒకటో రెండో గేట్లు. గోడ అవతలే కిరాణా కొట్టు కనిపిస్తున్నా గేటు దాకా నడిచి, చుట్టూ తిరిగి వెళ్లాలి. పాత బస్తీ గల్లీల్లోనో, చిక్కడపల్లి లాంటి చోట్లనో పది అడుగులకో సందు, సందు చివర ఓ కొట్టు ఉంటాయి. ఇక్కడ జనసాంద్రత అంతకంటే ఎక్కువే ఉన్నా వీధి అనేదే లేదు. నిట్టనిలువుగా కట్టినా నడిచి వెళ్లే చోట్లు లేకపోతే అది నిలబెట్టిన శివారే అవుతుంది.

పార్కింగ్ నిబంధన ఏం చెబుతోంది?

బస్సు గురించి పట్టించుకోని నిబంధనలు కారు గురించి మాత్రం స్పష్టంగా ఉన్నాయి. జీవో 168 ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలోని అపార్ట్‌మెంట్లు నిర్మిత విస్తీర్ణంలో 30 శాతం మేర పార్కింగ్ చూపాలి. షాపింగ్ మాల్స్, మల్టీప్లెక్సుల్లాంటి వాటికి ఇది 60 శాతం.

ఒక లెక్క వేద్దాం. 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లు వెయ్యి ఉన్న ప్రాజెక్టు అనుకోండి. మొత్తం 15 లక్షల చదరపు అడుగులు. అందులో 30 శాతం అంటే 4.5 లక్షల చదరపు అడుగులు. ఎకరాల్లో చెప్పాలంటే పదెకరాల పైమాటే.

సెల్లార్‌లో ఒక కారుకు ర్యాంపు, తిప్పుకునే చోటు కలిపి దాదాపు 32 చదరపు మీటర్లు, అంటే సుమారు 344 చదరపు అడుగులు కావాలని ప్రణాళిక ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్కన ఈ ప్రాజెక్టులో 1,300 కార్లు పడతాయి. ఒక కారు నిలిపే చోటు చిన్న సింగిల్ బెడ్‌రూం ఇల్లంత.

సెల్లార్లు తవ్వడానికయ్యే ఖర్చు ఫ్లాట్ ధరలోనే కలుస్తుంది. కారు ఉన్నా లేకపోయినా ఆ ధర చెల్లించాలి. బస్సులో వెళ్లే కుటుంబం కూడా కారు కోసం కట్టిన సెల్లార్‌కు డబ్బు కడుతుంది. అలా కట్టాక 'ఎలాగూ చోటుంది కదా' అని కారు కొనేవాళ్లే ఎక్కువ.

పార్కింగ్ లేకుండా కడితే కార్లన్నీ రోడ్డు మీదే పెడతారన్న భయంతో ఈ నిబంధన పెట్టారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ ఇంట్లో కారు పెట్టే చోటు గురించే ఆలోచించి, ఆ కారు ఉదయం ఏ రోడ్డెక్కుతుందో ఆలోచించకపోవడంతోనే చిక్కొచ్చింది.

రోడ్లు వెడల్పు చేస్తే, ఫ్లైఓవర్లు కడితే సరిపోదా?

కొత్త ఫ్లైఓవర్ తెరిచిన కొన్ని నెలలు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత రద్దీ మళ్లీ మొదటికొస్తుంది. దారి ఖాళీగా ఉందని తెలియగానే అంతకుముందు మానుకున్న ప్రయాణాలు మొదలవుతాయి. బస్సు మానేసి బండి తీసేవాళ్లు పెరుగుతారు. ఇంకాస్త దూరంలో ప్లాట్లు కొనేవాళ్లూ పెరుగుతారు.

అమెరికా నగరాల లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్తలు గైల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఇదే తేల్చింది. ప్రధాన రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే, వాటిపై వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోంది.

మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే హ్యూస్టన్ నగరమే ఇందుకు ఉదాహరణ. అక్కడి కేటీ ఫ్రీవేను దాదాపు 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేసి 2008లో పూర్తి చేశారు. పక్కన వెళ్లే రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలయ్యాయి. అయినా 2011 నుంచి 2014 మధ్య ఉదయం రద్దీలో ప్రయాణ సమయం 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది.

అసలు ఒక వరుస రోడ్డు ఎంతమందిని మోయగలదు? అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో లెక్క ప్రకారం, ఎక్కువగా కార్లు వెళ్లే ఒక లేన్‌లో గంటకు 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే లేన్‌ను బస్సులకే కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది వెళ్లొచ్చు. మనం పైన చెప్పుకొన్న వెయ్యి ఫ్లాట్ల నుంచి ఉదయం 600 కార్లు బయటికొస్తే చాలు, ఒక లేన్ సామర్థ్యంలో పెద్ద భాగం దానికే పోతుంది. అలాంటి ప్రాజెక్టులు ఒకే రోడ్డు మీద పది ఉంటే ఏ ఫ్లైఓవర్ సరిపోతుంది?

ఉన్న బస్సులెన్ని? కావాల్సినవెన్ని?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం మంచి సేవ అనిపించుకోవాలంటే లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలి. నగరంలో కోటి మంది ఉన్నారనుకున్నా 6 వేల బస్సులు కావాలి. ప్రస్తుతం ఆర్టీసీ సిటీ బస్సులు సుమారు 3 వేలు. 2019 చివరలో సమ్మె ముగిశాక నగరంలో వందల సంఖ్యలో బస్సులు తగ్గించారు. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సుల మీద ఒత్తిడి బాగా పెరిగింది. బస్సు వస్తే ఎక్కేవాళ్లు ఉన్నారని దీనితో తేలిపోయింది.

పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2 వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అయితే వాటిలో ఎన్ని కాలం చెల్లిన బస్సుల స్థానంలోకి వెళ్తాయి, ఎన్ని అదనంగా చేరతాయి, అందులో శివార్లకు ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు మార్గాలు కలిపి 69 కిలోమీటర్లు. పడమర వైపు రాయదుర్గంతోనే ఆగిపోతుంది. టవర్లు లేస్తున్న కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ దాని అవతలే ఉన్నాయి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌లో టికెట్ చవక, కానీ రైళ్లు తక్కువ. స్టేషన్ దిగాక ఇంటికి చేరడానికి మళ్లీ ఆటోయే దిక్కు.

ఈ పద్ధతిలో ఎక్కువ నష్టపోయేది ఎవరు?

కారున్నవాళ్లు ట్రాఫిక్‌లో గంటలు పోగొట్టుకుంటారు. కారు లేనివాళ్లు అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటారు. టవర్లలో ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, డెలివరీ కుర్రాళ్లు ఆ చుట్టుపక్కల అద్దెలు భరించలేక దూరంగా ఉంటారు. రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సు ఉండదు. షేర్ ఆటో దొరికితే అదృష్టం.

బండి నడపలేని వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, చూపు తగ్గిన పెద్దవాళ్లు, వికలాంగులు. ఊళ్లో ఒంటరిగా బజారుకు, గుడికి, బంధువుల ఇంటికి వెళ్లొచ్చిన తాతయ్య ఇక్కడ కొడుకుకు తీరిక దొరికేదాకా గేటు లోపలే తిరగాల్సి వస్తోంది. ట్యూషన్‌కు వెళ్లాలన్నా పదిహేనేళ్ల పిల్లకు ఎవరో ఒకరు డ్రైవర్ కావాలి.

నడిచి వెళ్దామన్నా దారి ఉండదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. శివార్లలో చాలాచోట్ల అసలు ఫుట్‌పాతే లేదు. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, బైకులు, బండ్లవాళ్లు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పాదచారుల భద్రతపై నిబంధనలు రూపొందించాలని అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది.

ఎవరి బాధ్యత?

మాస్టర్ ప్లాన్, పెద్ద లేఅవుట్లు హెచ్‌ఎండీఏ చేతిలో ఉంటాయి. ఫుట్‌పాత్‌లు, లోపలి రోడ్లు స్థానిక కార్పొరేషన్‌వి. బస్సులు ఆర్టీసీవి. మెట్రో, రైల్వే, ట్రాఫిక్ పోలీసు.. ఎవరి దారి వారిది. వీళ్లందరినీ ఒక తాటి మీదకు తేవడానికి 2008లో ఉమ్టా అనే ఉమ్మడి రవాణా సంస్థను ఏర్పాటు చేశారు. కానీ బస్సు లేని చోట భారీ ప్రాజెక్టును ఆపగలిగే అధికారం దానికి లేదు.

డబ్బు సంగతీ ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. భూమి అమ్మితే ఖజానాకు వెంటనే ఆదాయం. బస్సు నడిపితే ఏటా ఖర్చు. ఏది ముందు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ ఆదాయంలో కొంత భాగాన్ని అదే ప్రాంతంలో బస్సులకు, ఫుట్‌పాత్‌లకు ఖర్చు చేయాలన్న కట్టుబాటు ఉంటే లెక్క మారేది.

వేరే దారి ఉందా?

ఉంది. బ్రెజిల్‌లోని కురిచిబ నగరం 1970ల నుంచీ ముందు బస్సు మార్గాలు నిర్ణయించి, ఎత్తైన భవనాలను ఆ మార్గాల వెంటే అనుమతించింది. మనకు దగ్గర్లోని చెన్నై కార్పొరేషన్ 2014లో నడక, సైకిల్ ప్రయాణాల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. 2019లో టీ నగర్‌లోని పాండీ బజార్‌లో విశాలమైన ఫుట్‌పాత్‌లు కట్టింది. అన్నీ విజయగాథలే కావు. ఢిల్లీలో బస్సులకు వేసిన ప్రత్యేక వరుసను విమర్శల మధ్య 2016లో తొలగించడం మొదలుపెట్టారు. ఉన్న రోడ్డులో కార్ల నుంచి చోటు తీసుకోవడం రాజకీయంగా కష్టం. అందుకే కార్లు రాకముందే, లేఅవుట్ దశలోనే బస్సుకు చోటు ఉంచడం తేలిక.

మన దగ్గర కాగితం మీద లేనిదంటూ లేదు. వాహనాలను కాదు, మనుషులను చేరవేయడం గురించి ఆలోచించాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. స్టేషన్ల చుట్టూ నడక దూరంలో నిర్మాణాలను ప్రోత్సహించాలని 2017లో మరో జాతీయ విధానం వచ్చింది. భవన నిర్మాణ అనుమతి ఇచ్చే దరఖాస్తులోకి మాత్రం ఆ మాటలు చేరలేదు.

ఇల్లు కొనేముందు ఏం చూసుకోవాలి?

* బస్సు: 'బస్ స్టాప్ దగ్గరే' అంటే నమ్మొద్దు. ఉదయం 8 గంటలకు, రాత్రి 9 గంటలకు వెళ్లి నిలబడండి. గంటలో ఎన్ని బస్సులొచ్చాయో లెక్కపెట్టండి.
* నడక: గేటు నుంచి మందుల షాపు, కూరగాయలు, స్కూలు, బస్ స్టాప్ వరకు ఒకసారి నడిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతోనే నడవండి.
* మాస్టర్ ప్లాన్ రోడ్డు: బ్రోచర్‌లో గీసిన వంద అడుగుల రోడ్డు హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఉందా, నేల మీద వేశారా, భూసేకరణ పూర్తయిందా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ జవాబు తెలుసుకోండి.
* మెట్రో వస్తుందన్న మాట: ప్రతిపాదన, అనుమతి, టెండరు, పనులు.. ఏ దశలో ఉందో చూడండి. ప్రతిపాదన దశలో ఉన్న స్టేషన్‌కు ఇప్పుడే ధర కట్టొద్దు.
* అసలు ఖర్చు: ఫ్లాట్ చవకని దూరం వెళ్తే, రెండు బండ్ల ఈఎంఐ, పెట్రోలు, బీమా కలిపి నెలకెంతో రాసుకోండి. దాన్ని ఇంటి ఈఎంఐకి కలిపి, నగరం లోపలి ఇంటితో పోల్చండి.

ఇప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు ఏం అడగొచ్చు?

ఒక్కరు అడిగితే డిపోలో పెద్దగా పట్టించుకోకపోవచ్చు. ఒకే రోడ్డు మీదున్న నాలుగైదు సంఘాలు కలిసి, ఏ సమయంలో ఎంతమంది ఎటు వెళ్తారో జాబితా రాసి డిపో మేనేజర్‌కు ఇస్తే అది కొత్త సర్వీసుకు ఆధారమవుతుంది. ఆ జాబితాలో ఇంటిపనివాళ్లు, సెక్యూరిటీ సిబ్బంది పేర్లు కూడా కలపండి. రోజూ కచ్చితంగా బస్సు ఎక్కేది వాళ్లే.

ఫుట్‌పాత్ కోసం స్థానిక మున్సిపల్ కార్యాలయానికి, సోమవారాల్లో జరిగే ప్రజావాణికి ఫిర్యాదు చేయొచ్చు. మీ ప్రాంతంలో వసూలైన అభివృద్ధి చార్జీలు ఎంత, అందులో ఫుట్‌పాత్‌లకు, బస్ షెల్టర్లకు ఖర్చు చేసింది ఎంత అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పాదచారుల కోసం ప్రహరీలో చిన్న గేటు తెరవడమైతే ఏ ప్రభుత్వమూ చేయనవసరం లేదు. సంఘం తీర్మానం చాలు.

ఇప్పుడే ఎందుకు మాట్లాడుకోవాలి?

ఔటర్ అవతల సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ రింగ్ రోడ్డు రాబోతోంది. ఔటర్ కంటే దాని చుట్టుకొలత రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. కానీ చుట్టుకొలత రెట్టింపైతే లోపలి వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. రెండూ గుండ్రంగా ఉన్నాయనుకుని లెక్కిస్తే ఔటర్ లోపల దాదాపు 2 వేల చదరపు కిలోమీటర్లు, ప్రాంతీయ రింగ్ రోడ్డు లోపల 9 వేలకు పైగా.

2 వేల చదరపు కిలోమీటర్లకే బస్సులు సగం ఉన్నాయి. అవే నిబంధనలతో 9 వేల చదరపు కిలోమీటర్లలో ప్లాట్లు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు వేశాక, భూములు అమ్మాక, సెల్లార్లు తవ్వాక దిద్దడం కష్టం. అనుమతి దరఖాస్తులో 'ఎన్ని కార్లకు పార్కింగ్ ఉంది?' అన్న ప్రశ్న పక్కన 'బస్ స్టాప్ ఎంత దూరం, అక్కడికి ఫుట్‌పాత్ ఉందా?' అన్న ప్రశ్న చేర్చడానికి మాత్రం భూసేకరణ అవసరం లేదు, వేల కోట్లూ అక్కర్లేదు. ఒక జీవో చాలు.